పాత కాంపర్ వాన్‌లో డీజిల్ హీటర్ వెలగట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర 1986 నాటి ఫోక్స్‌వ్యాగన్ టీ3 ఉంది. లోపలి అమరిక వెస్ట్‌ఫాలియా వాళ్లది, ఇంజన్ 1.6 టర్బో డీజిల్. వెనక బెంచీ కింద ఎబర్‌స్పెషర్ ఎయిర్‌ట్రానిక్ డీ2 హీటర్ పెట్టించుకున్నాను. జర్మనీలోని స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో ఇలాంటి వాన్ కొనుక్కున్నవాళ్లు చలికాలం రాగానే ఫోన్ చేసి అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మీ వాన్‌లో వెబాస్టో ఎయిర్‌టాప్ 2000 ఉన్నా సూత్రం ఇదే. ఎర్రర్ కోడ్‌లు, కొలతలు మాత్రం మీ హీటర్ మాన్యువల్‌లో చూసుకోండి.

అన్నా, హీటర్ వెలగట్లేదు. ముందు ఏం చూడాలి?

ముందు సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, అలారం ఉందో లేదో చూడండి. హీటర్ సంగతి తర్వాత. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలవుతాయి. నిద్రలో ఉన్న మనిషికి అవి కూడా తెలియవు. మన ఊళ్లలో తలుపులు బిగించుకుని గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే ఏమవుతుందో పెద్దవాళ్లు చెప్పేవారు కదా, ఇదీ అదే విషవాయువు.

హీటర్ బాగున్నంత కాలం మంట ఉండే గది వేరు, మనం పీల్చే గాలి వేరు. మంటకి గాలి వాన్ కింది నుంచి వస్తుంది, పొగ కిందికే పోతుంది. మధ్యలో ఉన్న లోహపు గోడకి పగులు వచ్చినా, పొగగొట్టం క్లిప్పు ఊడినా ఆ రెండు గాలులూ కలుస్తాయి. అందుకే పడకకి దగ్గరలో వాన్‌లకీ పడవలకీ పనికొచ్చే అలారం పెట్టండి. డబ్బా మీద ఈఎన్ 50291-2 అని రాసి ఉండాలి. ఇళ్లలో వాడే రకం వాన్ కుదుపులకి తట్టుకునేలా పరీక్షించినది కాదు. అలారం మోగితే కారణం వెతుకుతూ లోపలే కూర్చోకండి. అందరూ బయటికి వచ్చేయండి, తలుపులు బార్లా తీయండి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే 112కి ఫోన్ చేయండి.

బండిలో ఎలాగూ హీటర్ ఉంటుంది కదా, ఇంకొకటి ఎందుకు?

టీ3లో ఇంజన్ వెనక ఉంటుంది. వేడి నీళ్లు పొడవాటి గొట్టాల్లో ముందుదాకా రావాలి. చిన్న డీజిల్ ఇంజన్ వేడెక్కడమే ఆలస్యం. ఆపి పడుకున్నారంటే ఆ వేడి కూడా ఉండదు. ఈ హీటర్ ఇంజన్‌తో పని లేకుండా ట్యాంకులోని డీజిల్ కాల్చుకుని గాలిని వేడి చేస్తుంది. డీ2 అయితే కనిష్ఠంగా 0.85, గరిష్ఠంగా 2.2 కిలోవాట్ల వేడి ఇస్తుంది. టీ3 అంత వాన్‌కి అది చాలు.

అసలు లోపల ఏం జరుగుతుంది?

చిన్నప్పుడు ఇంట్లో పంపు స్టవ్ చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పంపు స్టవ్ నేరుగా వెలగదు. ముందు కింద ఉన్న చిన్న గిన్నెలో కిరోసిన్ పోసి, వెలిగించి, బర్నర్‌ని కాల్చాలి. అది బాగా కాలాకే పంపు కొట్టాలి. తొందరపడితే పచ్చి కిరోసిన్ పైకి చిమ్మి, ఇల్లంతా పొగ.

ఇక్కడ ఆ గిన్నె పని గ్లో ప్లగ్ చేస్తుంది. స్విచ్ వేయగానే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది. గ్లో ప్లగ్ ఎర్రగా కాలుతుంది. ఒక నిమిషం అటూ ఇటూగా డీజిల్ పంపు టిక్... టిక్... అనడం మొదలవుతుంది. ఒక్కో టిక్కుకి కొలిచినట్టు కొంచెం డీజిల్. అది ప్లగ్ చుట్టూ ఉన్న సన్నటి జాలీలో ఇంకి, ఆవిరై, అంటుకుంటుంది. మంట వచ్చిందని సెన్సర్ గుర్తుపట్టాక ప్లగ్ ఆగిపోతుంది, ఫ్యాన్ వేగం పెరుగుతుంది, రెండు మూడు నిమిషాల్లో వెచ్చటి గాలి వస్తుంది. మంట రాకపోతే ఇంకోసారి ప్రయత్నించి ఆగిపోతుంది.

ఈ చప్పుళ్ల వరస చెవిలో పడేలా బాగున్న హీటర్ దగ్గర రెండుసార్లు కూర్చుని వినండి. తర్వాత ఎక్కడ ఆగిందో వింటే చాలు, సగం రోగం తెలిసిపోతుంది.

ఫ్యాన్ తిరుగుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. గ్లో ప్లగ్ పోయిందా?

పోయి ఉండొచ్చు. కానీ ప్లగ్ కొనే ముందు వోల్టేజీ కొలవండి. నేను ఈ పేజీ రాయడానికి కారణమే ఇది.

మొదటి ఏడాది బ్లాక్ ఫారెస్ట్‌లో, మైనస్ 8 డిగ్రీల చలిలో మా హీటర్ ఆగిపోయింది. మా అమ్మ, నాన్న అప్పుడే ఇండియా నుంచి వచ్చి మాతో ఉన్నారు. నలుగురం ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చున్నాం, అమ్మ చేతులు మాత్రం వెచ్చబడలేదు. తెల్లారకముందే ఇంటికి తిరిగి వచ్చేశాం. తర్వాత ఒక వర్క్‌షాప్‌లో ఇస్తే గ్లో ప్లగ్ మార్చారు, ఫ్లేమ్ సెన్సర్ మార్చారు, గట్టిగానే బిల్లు వేశారు. వారం తిరక్కుండా మళ్లీ అదే తంతు.

చివరికి మల్టీమీటర్ పట్టుకుని నేనే కూర్చున్నాను. హీటర్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, హీటర్‌కి కరెంటు వైర్లు తగిలించే చోటా 12.6. అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. స్విచ్ వేసి, గ్లో ప్లగ్ కాలుతున్నప్పుడు మళ్లీ కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.2 ఉంది, హీటర్ దగ్గర 10.1 ఉంది. సుమారు 10.5 కంటే తగ్గితే హీటర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆ రెండు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

ఎర్త్ వైరు వెంట చెయ్యి పెట్టుకుంటూ వెళ్తే బెంచీ వెనక, బాడీకి బిగించిన బోల్టు దగ్గర తేలింది. పైకి బోల్టు గట్టిగానే ఉంది. విప్పి చూస్తే వైరు చివర ఉండే లగ్గు కింద పచ్చగా చిలుం, దాని కింద పాత పెయింటు పొర. ఉప్పు కాగితంతో ఇనుము తెల్లగా కనిపించేదాకా రుద్ది, కొత్త లగ్గు వేసి, గ్రీజు రాసి బిగించాను. మళ్లీ కొలిస్తే 11.9. ఆ రోజు వెలిగిన హీటర్ ఆ చలికాలమంతా ఒక్కసారి కూడా మొరాయించలేదు.

లెక్క చూస్తే ఆశ్చర్యం ఉండదు. మొదలయ్యేటప్పుడు హీటర్ సుమారు 100 వాట్లు లాగుతుంది, అంటే 8 ఆంపియర్ల పైన. దారిలో ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డు ఉన్నా 0.8 వోల్టు అక్కడే పోతుంది. ఒక్కసారి మంట అంటుకున్నాక 8 నుంచి 34 వాట్లు మాత్రమే. అందుకే మొదలవడానికే మొండికేసే హీటర్ దగ్గర ముందు కరెంటునే అనుమానించాలి.

వైరు సన్నదైనా ఇదే జరుగుతుంది. ప్లస్, మైనస్ వైర్లు రెండూ కలిపి పొడవు 5 మీటర్ల లోపు ఉంటే 4 చదరపు మి.మీ. వైరు, 8 మీటర్ల దాకా అయితే 6 చదరపు మి.మీ. వైరు వాడాలి. ఫ్యూజు 20 ఆంపియర్లది. ఫ్యూజు హోల్డర్ కాళ్లు నల్లబడ్డాయేమో కూడా చూడండి. నలభై ఏళ్ల బండిలో ప్రతి జాయింటూ అనుమానించాల్సినదే.

వోల్టేజీ బాగుంది. అప్పుడు గ్లో ప్లగ్ ఎలా పరీక్షించాలి?

ఓమ్ మీటర్ పెట్టండి. ఒక ఓమ్ కంటే తక్కువ చూపించాలి. అసలేమీ చూపించకపోతే తీగ తెగింది. ఒక్కమాట మాత్రం గుర్తుంచుకోండి: ఎయిర్‌ట్రానిక్ 12 వోల్టుల మోడల్‌లో ఉండేది 8 వోల్టుల ప్లగ్. ఎర్రగా కాలుతుందో లేదో చూద్దామని నేరుగా బ్యాటరీకి తగిలిస్తే మంచి ప్లగ్ కూడా మాడిపోతుంది.

పంపు టిక్ టిక్ అంటోంది, మంట రావట్లేదు.

టిక్కు వినిపించినంత మాత్రాన డీజిల్ వస్తోందని కాదు. ముందు ట్యాంకు చూడండి. హీటర్ కోసం ట్యాంకులో వేసే గొట్టాన్ని అడుగుదాకా దించరు. డీజిల్ అంతా హీటర్ తాగేసి మీరు దారిలో ఆగిపోకూడదని కొంచెం పైనే ఉంచుతారు. ఇంజన్ నడుస్తుంటుంది, హీటర్‌కి మాత్రం డీజిల్ అందదు. పావు ట్యాంకు కంటే తక్కువ ఉన్నప్పుడు ఫోన్ చేసినవాళ్లకి నేను ముందు బంకుకి వెళ్లమనే చెబుతాను.

డీజిల్ ఉంటే, హీటర్ దగ్గర గొట్టం విప్పి, దాన్ని చిన్న కొలత సీసాలో పెట్టి, హీటర్ మొదలుపెట్టి ఎంత పడుతుందో చూడండి. ఎంత సేపట్లో ఎంత పడాలో మాన్యువల్‌లో ఉంటుంది. తక్కువ పడితే పంపు లోపలి సన్నటి ఫిల్టర్‌లో మడ్డి చేరి ఉంటుంది. బుడగలు బుడగలుగా వస్తే ఎక్కడో గాలి లాగుతోంది. గట్టి ప్లాస్టిక్ గొట్టాలు రెండిటిని రబ్బరు ముక్కతో కలిపిన చోట వాటి చివర్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో ఖాళీ ఉంటే గాలి బుడగ అక్కడే తిష్ఠ వేస్తుంది. పంపుని అడ్డంగా పడుకోబెట్టినా ఇదే బాధ. డీజిల్ బయటికి వచ్చే వైపు పైకి ఉండేలా వాలుగా బిగించాలి.

ఈ పనులన్నీ ఆరుబయట, ఒక గుడ్డ, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేయండి.

పొగ వస్తోంది. తెల్లగా ఉంటే ఒకటి, నల్లగా ఉంటే ఒకటి అంటారు, నిజమేనా?

నిజమే. మొదలయ్యేటప్పుడు కాసేపు తెల్లపొగ రావడం మామూలే. అది ఆగకుండా, ఘాటైన పచ్చి డీజిల్ వాసనతో వస్తుంటే డీజిల్ కాలట్లేదని అర్థం, పంపు స్టవ్ వేడెక్కకముందే పంపు కొట్టినట్టు. ప్లగ్ నీరసించింది, లేదా జాలీ మూసుకుపోయింది.

నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువైంది లేదా గాలి తక్కువైంది. వాన్ కిందికి దూరి గాలి పీల్చుకునే గొట్టం చూడండి. బురద గడ్డకట్టి ఉంటుంది. ఎండాకాలమంతా వాడని వాన్ అయితే పురుగులు గూడు కట్టి ఉంటాయి. పొగగొట్టం పల్లంగా ఉన్న చోట నీళ్లు కారిపోవడానికి చిన్న కన్నం ఉండాలి. అది మూసుకుంటే నీళ్లు నిలిచి పొగకి దారి ఉండదు. మంచు కురిసిన ఉదయం పొగగొట్టం చివర మంచులో కూరుకుపోయిందేమో చూడకుండా స్విచ్ వేయకండి. అలా వేస్తే నల్లపొగతో పాటు సీఓ ప్రమాదం కూడా ఉంది.

జాలీ అంటున్నారు, అదేంటి? నేనే మార్చుకోవచ్చా?

గ్లో ప్లగ్ ఒక చిన్న గొట్టంలో కూర్చుంటుంది. ఆ గొట్టం లోపలి గోడకి సన్నటి లోహపు పీచుతో చేసిన చుట్ట ఉంటుంది. డీజిల్ దానిలో పలచగా పరుచుకుని ఆవిరవుతుంది. చూడటానికి చిటికెన వేలి గోరంత వస్తువు, ధరా తక్కువే. దాని మీద మసి పేరుకుంటే ఎంత మంచి ప్లగ్ పెట్టినా ప్రయోజనం లేదు.

హీటర్ చల్లారాక, ఫ్యూజు తీసేసి, పై మూత విప్పి, ప్లగ్ వైరు ఊడదీసి, పొడుగు బాక్స్ పానాతో ప్లగ్ తిప్పి బయటికి తీయాలి. మొదటిసారి నేను తీసినప్పుడు ప్లగ్ కొనకి బొగ్గు పెచ్చులు అంటుకుని ఉన్నాయి. టార్చి వేసి లోపలికి చూస్తే జాలీ ఉండాల్సిన చోట నల్లటి తారు ముద్ద. ముక్కు పొడుగు ప్లయర్‌తో అంచు పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగితే రెండు ముక్కలై వచ్చింది. లోపల మిగిలిన పీచులన్నీ ఏరేయాలి. పక్కనే ఒక సన్న గాలి రంధ్రం ఉంటుంది, దాన్ని తీగతో పొడిచి శుభ్రం చేయాలి. కొత్త జాలీని దానికోసమే ఇచ్చే చిన్న పనిముట్టుతో నెట్టాలి. జాలీకి ఉన్న గాడి ఆ రంధ్రానికి ఎదురుగా రావాలి, లేకపోతే రంధ్రం మూసుకుపోతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి పెడితే నలిగిపోతుంది.

చేతి పని అలవాటున్నవాళ్లు చేసుకోవచ్చు. కానీ మంట గది విప్పడం, పొగగొట్టం జాయింట్లు కదపడం, గాస్కెట్లు మార్చడం తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

కాసేపు బాగా వెలిగి తర్వాత ఆగిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

హీటర్ మరీ వేడెక్కిపోయి తనని తాను కాపాడుకుంటోంది. వేడి గాలి బయటికి పోవట్లేదన్నమాట. బెంచీ కింద చూడండి. అక్కడ ఎవరో బ్యాగో, బియ్యం సంచో తోసి ఉంటారు. వేడి గాలి వచ్చే 60 మి.మీ. గొట్టం నలిగినా, మరీ ఎక్కువ మలుపులు తిరిగినా అంతే. గాలి బయటికి వచ్చే కన్నం మూసేసినా, ఫ్యాన్ వైపు దుమ్ము, వెంట్రుకలు పేరుకున్నా అంతే.

తెర మీద నంబర్ వస్తోంది. అర్థమేంటి?

ఎయిర్‌ట్రానిక్‌లో తరచుగా కనిపించేవి ఇవి. 11 అంటే వోల్టేజీ తక్కువ. 12 అంటే వేడెక్కిపోయింది. 20 అంటే గ్లో ప్లగ్ తీగ తెగింది. 52 అంటే మొదలుపెట్టాను, మంట రాలేదు. 53 అంటే వెలిగిన మంట మధ్యలో ఆరిపోయింది. 50 అంటే మాటిమాటికీ విఫలమై తాళం వేసుకుంది (ఇక స్విచ్ వేసినా మొదలవదు), 15 అంటే మాటిమాటికీ వేడెక్కి తాళం వేసుకుంది.

తాళం పడిందంటే చాలామంది దాన్ని తీయించడం మీదే పడతారు. దయచేసి ముందు కారణం వెతకండి. పదిసార్లు వెలగని హీటర్‌లో పదిసార్ల పచ్చి డీజిల్ చేరి ఉంటుంది. దాన్ని ఉన్నట్టుండి వెలిగిస్తే దట్టంగా పొగ వస్తుంది, లోపల అదుపు లేని మంట కూడా రావచ్చు.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ బాగా చలి. అంతే, ఆగిపోయింది.

డీజిల్ ఎక్కడ, ఎప్పుడు పోయించారు? చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ని మూసేస్తుంది. జర్మనీలో నవంబర్ 16 నుంచి ఫిబ్రవరి చివరిదాకా అమ్మే డీజిల్ మైనస్ 20 దాకా ఫిల్టర్‌లోంచి పారాలి. ఏప్రిల్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా అమ్మేదానికి సున్నా డిగ్రీలు చాలు. సెప్టెంబర్‌లో ట్యాంకు నింపి వాన్ పక్కన పెట్టేసి, జనవరిలో తీసినవాళ్లకి ఈ సమస్య వస్తుంది. కొత్త డీజిల్ పోయించినా, పంపు దాకా ఉన్న గొట్టంలో పాతదే ఉంటుంది, అది పోయేదాకా ఓపిక పట్టాలి.

కొండల మీద వాడొచ్చా? లద్దాఖ్ తీసుకెళ్లే వాన్‌లో పెట్టించుకోవచ్చా?

1,500 మీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కడి నుంచి 3,000 దాకా కనుమ దాటేటప్పుడు కాసేపు వాడుకోవచ్చు. ఆల్ప్స్‌లో 2,757 మీటర్ల స్టెల్వియో కనుమ దాటి కిందికి దిగిపోయేవాళ్లకి భయం లేదు, అక్కడే రెండు రాత్రులు ఉంటే మసి పడుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, పంపు మాత్రం అదే కొలతలో డీజిల్ పోస్తుంది. లేహ్ సుమారు 3,500 మీటర్లు. అక్కడికైతే ఎత్తుని బట్టి డీజిల్ తగ్గించే కిట్ లేకుండా వద్దు.

రాత్రంతా వేసుకుని పడుకోవచ్చా? బ్యాటరీ దిగిపోదా?

అలారం పనిచేస్తూ, పొగగొట్టం బాగుండి ఉంటే వేసుకోవచ్చు. ఎనిమిది గంటలకి సగటున 20 వాట్లు అనుకుంటే 13 ఆంపియర్ అవర్లు అవుతుంది. ఇంజన్ బ్యాటరీ కాకుండా వాన్ లోపలి అవసరాలకి పెట్టుకునే రెండో బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే దానికి అది భారం కాదు. డీజిల్ గంటకి 0.1 నుంచి 0.28 లీటర్లు, అంటే రాత్రికి లీటరు, మహా అయితే రెండు లీటర్ల పైచిలుకు. బంకులోకి వెళ్లే ముందు మాత్రం ఆపేయండి. గ్యారేజీలో, మూసి ఉన్న షెడ్డులో అసలు వేయకూడదు.

ఆపేశాక కూడా ఫ్యాన్ తిరుగుతోంది. మెయిన్ స్విచ్ ఆపేయనా?

వద్దు. ఆపాక లోపల మిగిలిన డీజిల్‌ని కాల్చేసి, నాలుగు నిమిషాల పాటు చల్లారుతుంది. మధ్యలో కరెంటు తీసేస్తే లోపల వేడి నిలిచిపోయి సెన్సర్లు దెబ్బతింటాయి, జాలీలో మసి గట్టిపడుతుంది. మా దగ్గర వాన్ తీసుకెళ్లే స్నేహితులందరికీ నేను ముందు చెప్పేది ఇదే.

ఎప్పుడూ తక్కువలోనే పెడతాం, డీజిల్ ఆదా అవుతుందని.

చిన్న మంట ఎక్కువ మసి చేస్తుంది. రాత్రంతా తక్కువలో నడిపితే పొద్దున్నే ఒక అరగంట ఫుల్‌లో పెట్టండి. ఎండాకాలంలో కూడా నెలకోసారి పది నిమిషాలు వెలిగించండి. డీజిల్ గొట్టంలో జిగురు పట్టదు, ఫ్యాన్ బేరింగ్ బిగుసుకోదు.

పాత వాన్ కొంటున్నాను. హీటర్ 'బాగా పనిచేస్తుంది' అంటున్నారు. ఏం అడగాలి?

ఏ సంవత్సరం బిగించారో అడగండి. హీటర్ మీద ఉన్న చిన్న ప్లేటు మీద మొదట వాడిన సంవత్సరం గుర్తు పెట్టి ఉండాలి. ఇలాంటి గాలి హీటర్ల హీట్ ఎక్స్‌చేంజర్‌ని పదేళ్లకి మించి వాడకుండా మార్చేయాలి. మంటకీ మన ఊపిరికీ మధ్య ఉండే గోడ అదే కాబట్టి ఈ నియమాన్ని నేను ఎప్పుడూ పక్కన పెట్టను. బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు కలుపుకుని బేరం ఆడండి.

తర్వాత చల్లటి హీటర్‌ని మీ ఎదుటే వెలిగించమనండి. ముందే వేడి చేసి ఉంచిన హీటర్ ఎవరికైనా వెలుగుతుంది.

మాది పెట్రోల్ వాన్. ఇవన్నీ వర్తిస్తాయా?

వోల్టేజీ, గాలి, పొగగొట్టం సంగతులు వర్తిస్తాయి. కానీ పెట్రోల్ హీటర్ వేరే హీటర్. ఎబర్‌స్పెషర్‌లో మోడల్ నంబర్ ముందు 'డీ' ఉంటే డీజిల్, 'బీ' ఉంటే పెట్రోల్. జర్మన్‌లో పెట్రోల్‌ని బెంజిన్ అంటారు. ఒకదానిలో ఇంకొకటి పోసి చూడకండి. 1970ల నాటి పాత పెట్రోల్ హీటర్ ఇంకా వాన్‌లో ఉంటే, దాని గొట్టాలన్నీ కొత్తవి వేయించి, ఆ మోడల్ తెలిసినవాళ్లతో తనిఖీ చేయించేదాకా స్విచ్ ముట్టుకోకండి. పెట్రోల్ కారుతున్నట్టు వాసన వస్తే స్విచ్ వేయడం కాదు, బ్యాటరీ టెర్మినల్ కూడా పీకొద్దు. నిప్పురవ్వ అక్కడే పుడుతుంది. తలుపులు తీసి, పిల్లల్ని దూరంగా పంపి, వాసన పూర్తిగా పోయాకే చెయ్యి పెట్టండి.